పిల్స్నర్‌లో వెన్న వాసన

గ్లాసులు కడగడానికి రమ్మని కూతురు ఫోన్ చేస్తే వ్లాస్తా మొదట అడిగిన మాట "ఎవరికేమైంది?" అని. ఎవరికీ ఏమీ కాలేదు, పదింటికి పబ్బు లూబోర్ బీరు రుచి చూడ్డానికి వస్తున్నాడు, అంతే అంది షార్కా. ఏమీ కాకపోతే పొద్దున్నే ఫోనెందుకని వ్లాస్తాకి అనుమానం తీరలేదు. వాన లేకపోయినా గొడుగు తీసుకుని బయల్దేరింది. దారికి రెండు వైపులా బీరుకి చేదునిచ్చే హాప్ పూల తోటలు, కోత అయిపోయినవి. పాదులు దించేసిన పొడుగాటి స్తంభాలు, వాటిమీద ఒట్టి ఇనప తీగలు. ప్రతి అక్టోబరులోనూ వాటిని చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేసి చెప్పకుండా వెళ్ళిపోయినట్టే ఉంటుంది ఆమెకి.

షార్కా బీరు బట్టీ ఒకప్పుడు ఊరి పాల కేంద్రం. గోడలకి ఇప్పటికీ ఆ తెల్ల పలకలే. రెండేళ్ళ కిందట పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి వచ్చి అందులో ట్యాంకులు పెట్టింది. ఆ రోజు నుంచీ వ్లాస్తాకి కంటిమీద కునుకు లేదు. అంతకుముందు మాత్రం ఉందా అంటే అదీ లేదనుకోండి. బీరు పులిసేటప్పుడు వచ్చే గ్యాసుకి నేలమాళిగలో మనుషులు చచ్చిపోతారని చిన్నప్పుడెవరో చెప్పారు. అది పట్టుకుని మొదటి నెలంతా మెట్ల మీద కొవ్వొత్తి వెలిగించి పెట్టింది. కొవ్వొత్తి ఆరిపోతే గ్యాసు ఉన్నట్టు లెక్క. గ్యాసుకి ఎవరూ పోలేదు గాని, మెట్టు మీద కారిన మైనం మీద కాలేసి ఆమె మొగుడు కామిల్ మడమ బెణికించుకున్నాడు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. వ్లాస్తాకి కీడెంచేసరికే పొద్దు గూకేది, మేలెంచడానికి టైము చాలేది కాదు.

రబ్బరు బూట్లేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది షార్కా.

"అమ్మా, ముందే చెప్తున్నా. లూబోర్ ఉన్నంతసేపూ నీ భయాలు నీ దగ్గరే పెట్టుకో. గ్లాసులు కడుగు, తుడువు, నవ్వు. అంతే."

"నవ్వడం కూడా నేర్పుతున్నావా నాకు?"

"నేర్పట్లేదు. నోరు తెరవకుండా నవ్వమంటున్నా."

ఆ షరతుకి కారణం ఉంది. వసంతకాలంలో ఊరవతల హోటలాయన ఒకడు బీరు తీసుకుందామని వచ్చాడు. ట్యాంకులోంచి వచ్చే గొట్టం నీళ్ళ బకెట్లో బుడబుడమంటోంది. వ్లాస్తా ఆయన పక్కకి జరిగి, రోజూ ఇలా మోగదండీ అని మెల్లిగా అంది. ఆ పెద్దమనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే గుమ్మం దాకా జరిగాడు. మళ్ళీ రాలేదు.

ఇవాళ్టి సంగతి అంతకంటే పెద్దది. లూబోర్ పబ్బులో నాలుగు బీరు కుళాయిలున్నాయి. మూడు పెద్ద కంపెనీలవి, వాటినెవరూ కదపలేరు. నాలుగోదానికి ఈ నెలతో ఒప్పందం తీరిపోతోంది. శనివారం ఊరి పండగ. పెద్దబాతు కాల్చి, క్యాబేజీ, ఉడకబెట్టిన పిండి ముద్దలు పెట్టుకుని ఊరంతా తినేది ఆ రోజే, పబ్బు నిండేదీ ఆ రోజే. ఆ రోజుకి షార్కా బీరు ఆరు పీపాలు, ఇంటింటికీ తీసుకెళ్ళడానికి మూడొందల సీసాలు ఇవ్వాలి. బీరు నచ్చి పండగ బాగా జరిగితే నాలుగో కుళాయి ఏడాది పాటు ఆమెది. జరక్కపోతే చలికాలంలో బట్టీ మూసేసి మళ్ళీ పాత ఉద్యోగానికి పోతానని షార్కా పోయిన వారం భోజనాల దగ్గర మామూలుగా చెప్పేసింది, ఉప్పందుకోమన్నట్టు. సొంతూళ్ళో ఒక్క కుళాయి లేని బట్టీని పక్కూరివాడు మాత్రం ఎందుకు నమ్ముతాడు?

దానికి తోడు ఆ పిల్ల అందరిలా చెయ్యలేదు. పిల్స్నర్‌కి అంటే ఆ వైపు అందరూ తాగే లేత పసుపు బీరుకి, హాప్ పూలు మరిగేటప్పుడు వేస్తారు, అది తాతల నాటి పద్ధతి. షార్కా అలా వేసి ఊరుకోకుండా, బీరు పులిసి చల్లారాక, ఈ ఏటి కొత్త పూలని వాసన పోకుండా తక్కువ సెగ మీద ఆరబెట్టించి, సంచుల్లో కట్టి ట్యాంకులోకి దించింది. ఊళ్ళో నవ్వారు. పూలని ఉడకబెట్టాలి గాని ఊరబెట్టడమేంటి, దోసకాయ ఊరగాయా అన్నాడు కామిల్. టీ కాస్తోందా అన్నారు ఇంకొకరు.

సోమవారం ఒక గ్లాసు వంచి తల్లికిచ్చింది షార్కా. వ్లాస్తా భయపడుతూనే తాగింది. ముందు నిమ్మతొక్క గిల్లినట్టు, తర్వాత కొత్తగా కోసిన ఎండుగడ్డి, ఆ తర్వాత రొట్టె అంచు. చివర్న చేదు వచ్చి, కాసేపు కూర్చుని, మర్యాదగా లేచి వెళ్ళిపోయింది. వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోవడమేంటా అని ఆ రాత్రి రెండుసార్లు లేచింది కూడా.

పదింటికి లూబోర్ వచ్చాడు. మనిషి వెడల్పు, నడక నిదానం. బళ్ళో వ్లాస్తా వెనక బెంచీలో కూర్చుని ఆమె జడ లాగినవాడే. ఇప్పుడు అరవై నాలుగు. అతని మొహం చూసి సంతోషమో కోపమో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

"ఏం వ్లాస్తా, ఇవాళ ఏ ప్రళయం?" అన్నాడు.

వ్లాస్తా నోరు తెరవకుండా నవ్వింది.

"మాట్లాడదేంటి మీ అమ్మ? పళ్ళు పీకించుకుందా?" అని షార్కాని అడిగి, జవాబు కోసం ఆగకుండా గ్లాసందుకున్నాడు.

షార్కా పోయబోతే ఒప్పుకోలేదు. బీరు చేసేది బట్టీవాడైనా దాన్ని బీరుగా నిలబెట్టేది పోసేవాడే అంటాడు. గ్లాసుని చన్నీళ్ళలో ముంచి తీశాడు. ట్యాంకు కుళాయి తిప్పి ముందు నురుగునే రానిచ్చాడు, దాని కిందకి బీరుని జారనిచ్చాడు. మూడు వేళ్ళ మందాన తెల్లటి నురుగు గడ్డకట్టిన మీగడలా నిలిచింది. గ్లాసు బల్లమీద పెట్టి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. కొంచెం మసగ్గా ఉందే అన్నాడు. పూల నూనె అంది షార్కా. ఊఁ అన్నాడు.

తర్వాత వాసన చూశాడు. తర్వాత ఒక్క పెద్ద గుటక వేశాడు. చుక్కచుక్కగా చప్పరిస్తే బీరు ఏమీ చెప్పదని అతని నమ్మకం. గ్లాసు లోపలి గోడకి నురుగు ఒక గీతలా అంటుకుంది. దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. నిమ్మతొక్క ఉంది, గడ్డి ఉంది, పూలు కాస్త ఎక్కువ వాగుతున్నాయి, అయినా ఫర్వాలేదు అన్నాడు. షార్కా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వ్లాస్తా కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

రెండో గుటకకి లూబోర్ ఆగిపోయాడు. మూడో గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు.

"అడుగున ఇదేంటి? వెన్న," అన్నాడు. "మా నాన్న పోసే బీరు ఇలాగే ఉండేది."

ఊళ్ళో ఒకప్పుడు సొంత బట్టీ ఉండేది. అది మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. దాని బీరులో అడుగున ఒక సన్నటి వెన్న పూత ఉండేది. ఆ చుట్టుపక్కల పిల్స్నర్‌లో కాస్త వెన్న తగిలితే ఎవరూ తప్పు పట్టరు. పైవాళ్ళు ముక్కు చిట్లిస్తారేమో గాని అక్కడివాళ్ళకి అది అమ్మమ్మ వంటిల్లు. షార్కా కూడా ఆ వంటింట్లో పెరిగిన పిల్లే. అందుకే లూబోర్ ఆ మాట అనగానే ఆమె తనూ ఒక గుటక వేసి, అవును, వెన్నే అంది. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు బళ్ళో బహుమతి వస్తే అలాగే ఎర్రబడేవి.

"ఇంత పూల గోలలో మన ఊరి రుచి దాచిపెట్టావు చూడు. నువ్వు మన పిల్లవే," అన్నాడు లూబోర్. ఆరు పీపాలు, మూడొందల సీసాలు, రేపు మధ్యాహ్నం బండి పంపుతా అని లేచాడు. సీసాల మీద అంటించే పండగ చీటీలు సాయంత్రం తనే తెచ్చిస్తానన్నాడు.

అతను వెళ్ళాక వ్లాస్తా తన గ్లాసు తాగింది. వెన్న ఉంది. సోమవారం లేదు.

చెబుదామని నోరు తెరిచింది. షార్కా అప్పటికే సీసాల బుట్టలు లాగుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. రెండేళ్ళలో ఆ పిల్ల పాట పాడగా వినలేదు. వ్లాస్తా నోరు మూసుకుంది. మధ్యాహ్నం భోజనానికి జగ్గుడు బీరు పట్టుకెళ్తానని మాత్రం అంది.

ఇంటికెళ్ళే దారిలో ఆమె మనసు గానుగెద్దులా ఒకచోటే తిరిగింది. పట్నంలోని పాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు వెన్న గదిలో పనిచేసింది. చదివింది ఎనిమిదో తరగతి. పులియడం గురించి షార్కా చదివిన పుస్తకాలు ఆమె కళ్ళతో చూసింది గాని తెరవలేదు. కాని ఒక్కటి తెలుసు. మీగడకి తోడు వేశాక వెన్న వాసన మొదలైందంటే లోపల ఏదో బతికి పని చేస్తోందని. పని ముగించి పడుకున్నది కొత్త వాసన పుట్టించదు. సోమవారం లేని వాసన గురువారం వచ్చిందంటే ఆ ట్యాంకులో ఎవరో నిద్ర లేచారు. ఆ లేచినదాన్ని షార్కా ఇప్పుడు గాజు సీసాల్లో పోసి మూతలు బిగిస్తోంది. ఆ సీసాలు శనివారం వెచ్చటి ఇళ్ళల్లో, పొయ్యిల పక్కన, పిల్లలున్న బల్లల మీద ఉంటాయి.

అది భయమా, నిజమా? అదే ఆమెకి తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు. అలాంటి మనిషి ఇప్పుడు వెళ్ళి, ఆపు, సీసాలు పగుల్తాయి అంటే ఎవరు వింటారు? విని ఆపేస్తే, తీరా ఏమీ లేకపోతే, కూతురి కుళాయి పోగొట్టింది కన్నతల్లే అవుతుంది.

కామిల్ జగ్గులోంచి ఒక గ్లాసు తాగి, మీసం తుడుచుకుని, బాగుందన్నాడు. వెన్నగా ఉంది, ఇంకా బాగుందన్నాడు. ఇతను సాక్ష్యానికి పనికిరాడనుకుంది వ్లాస్తా.

ఫ్యాక్టరీలో మీగడ మీద అనుమానం వస్తే కొంచెం సీసాలో పోసి, మూతపెట్టి, వేడినీళ్ళలో ఉంచి వాసన చూసేవాళ్ళు. దాక్కున్న వాసన వేడికి బయటపడుతుంది. పిండి ముద్దలు ఉడకబెట్టే గిన్నె పొయ్యి మీద పెట్టింది. జగ్గులో బీరు జాడీలో పోసి మూత బిగించి అందులో దింపింది. వేలు పెడితే చురుక్కుమనేంత వేడి, అంతకు మించి కాదు. ఇంకో జాడీలో అదే బీరు పోసి నేలమాళిగలో చల్లగా పెట్టింది. అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. వేడి చేస్తే ఏ బీరైనా పాడవుతుందేమో? అందుకని కామిల్ దాచుకున్న కొట్టు పిల్స్నర్ సీసా ఒకటి విప్పి మూడో జాడీలో పోసి, దాన్నీ వేడినీళ్ళలోకి దింపింది.

"నా బీరుతో పులుసు పెడుతున్నావా?" అన్నాడు కామిల్.

ఆమె పొయ్యి సెగ తగ్గించింది. గంట ఆగి జాడీలు తీసి చన్నీళ్ళ బకెట్లో చల్లార్చింది. వాసన తను చూడలేదు. భయం పట్టిన ముక్కు ఏ వాసననైనా పుట్టించుకుంటుందని ఆమెకి తెలుసు. మొగుణ్ణి కళ్ళు మూసుకోమని, జాడీలు అటూ ఇటూ మార్చి ఒక్కొక్కటే అతని ముక్కు కింద పెట్టింది.

మొదటిదానికి కామిల్, కొట్టు బీరు, కొంచెం చచ్చింది అన్నాడు. రెండోదానికి, షార్కాది అన్నాడు. మూడోదాన్ని రెండుసార్లు పీల్చాడు.

"ఇది నీ వాసన. నువ్వు డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పటి వాసన."

అది షార్కా బీరే, వేడినీళ్ళలో పెట్టింది. కామిల్ కళ్ళు తెరిచి జాడీ చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. నలభై ఏళ్ళ కాపురంలో అతను ఎగతాళి చెయ్యకుండా వదిలేసిన భయం అదొక్కటే అయ్యుంటుంది, దాంతో ఆమెకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. కారు తీస్తానన్నాడు. ఇద్దరం వెళ్తే పరామర్శకి వచ్చామనుకుంటుంది, నువ్వుండు అని మూడు జాడీలూ బుట్టలో సర్దుకుని తనే బయల్దేరింది.

బట్టీ గుమ్మంలో లూబోర్ బండి ఉంది. వ్లాస్తా అక్కడే ఆగిపోయింది. లోపల సీసాలు నింపే మిషను నాలుగేసి చొప్పున గ్లుక్కుమంటూ నింపుతోంది. ఎనభై దాకా నిండి బుట్టల్లో ఉన్నాయి. లూబోర్ బల్ల మీద పండగ చీటీలు పరిచి, రెండో రంగు సరిగా పడలేదని ముద్రించినవాణ్ణి తిడుతున్నాడు. షార్కా నవ్వుతోంది.

వ్లాస్తా షరతు తప్పలేదు. మాట్లాడకుండా వెళ్ళి, చీటీలు పక్కకి జరిపి, మూడు జాడీలు పెట్టి మూతలు తీసింది. వేలు కాలినట్టు ఊదుకుని, వేడిచేసినవి ఏవో, చెయ్యనిది ఏదో చూపించింది. కూతురి మొహంలో నవ్వు ఆరిపోయి కోపం వచ్చింది, అదీ ఆమె చూసింది.

చెయ్యి ముందు చాచింది లూబోరే. వేడిచేసిన జాడీ తీసి వాసన చూసి, "ఇది ఇంకా బాగుంది. దీన్నేం చేశావు వ్లాస్తా?" అన్నాడు.

షార్కా ఆ జాడీ అతని చేతిలోంచి తీసుకుంది. వాసన చూసింది. చల్లటిది చూసింది. కొట్టు బీరు చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. వెళ్ళి మిషను ఆపేసింది. గదిలో చప్పుడు పోయింది.

"ఎంత వేడి? ఎంతసేపు?" అని అడిగింది.

"వేలు చురుక్కుమనేంత. గంట."

షార్కా ట్యాంకు దగ్గరికి నడిచింది. ట్యాంకులోంచి పొడుగాటి గాజు గొట్టంలోకి బీరు పట్టి, తీపిని కొలిచే కడ్డీని అందులో తేలనిచ్చింది. వంగి గీత చూసింది. సోమవారం చూసిన గీత కంటే కడ్డీ బాగా కిందకి దిగింది, అంటే బీరులో తీపి ఇంకా తగ్గుతూనే ఉంది. పులవడం అయిపోయిందని సోమవారం తర్వాత ఆమె కొలవలేదు. అయిపోయినదాన్ని ఎవరు కొలుస్తారు?

లూబోర్‌కి ఆమె నెమ్మదిగా చెప్పింది. బీరుని పులియబెట్టే ఈస్ట్ తినలేక వదిలేసిన మొద్దు చక్కెర కొంత మిగులుతుంది. తక్కువ సెగ మీద ఆరిన కొత్త పూలలో ఆ మొద్దు చక్కెరని ముక్కలు చేసే గుణం ఉంటుంది. తాను వాసన కోసం పూలు వేసింది, అవి పడుకున్న ఈస్ట్‌కి అన్నం వండిపెట్టాయి. వెన్న వాసన దాని ఊపిరి. సీసాల్లో మూత బిగిస్తే అది లోపలే గ్యాసు పెంచుకుంటూ పోతుంది, వెచ్చటి చోట పెడితే గాజు పగులుతుంది. ఇది చదువుకున్నదే, అయినా వెన్న తగలగానే ఇంటి రుచి అనుకుని మురిసిపోయాను అంది.

లూబోర్ గడ్డం గోక్కున్నాడు.

"సరే, సీసాలొద్దు. పీపాలియ్యి. నా దగ్గర చల్లగా ఉంటాయి. ఆదివారం రాత్రికి ఒక్క చుక్క మిగలదు. పగలడానికి టైమెక్కడిది? ముప్పై ఏళ్ళ తర్వాత ఊరంతా ఆ రుచి చూస్తుంది. కుళాయి నీదే."

అది నిజమే. వ్లాస్తాకి కూడా అందులో తప్పు కనపడలేదు. ఆమె ఆ దారంతా గాజు పెంకుల గురించే భయపడింది. పీపాలకి గాజు లేదు. గాజు భయం పోగానే దాని వెనక ఇంకోటి నిలబడి ఉంది, చలికాలంలో తాళం పడిన ఈ గుమ్మం.

"ఇచ్చెయ్యవే," అంది. "రెండ్రోజుల పనే కదా. పీపాలకేం కాదు."

షార్కా తల్లి వైపు చూసింది. ఏం కాదు అన్న మాట ఆ నోట్లోంచి ఆమె ఎప్పుడూ వినలేదు.

"శనివారం అందరూ తాగి బావుందంటారు. తర్వాత ఏడాదంతా నేనేం చెయ్యాలమ్మా? ఇది నేను చేసిన రుచి కాదు. నేను చూసుకోకపోతే వచ్చిన రుచి. మళ్ళీ కావాలంటే ప్రతిసారీ చూసుకోకుండా ఉండాలి."

"రుచి రుచే అమ్మాయ్," అన్నాడు లూబోర్. "ఎలా వచ్చిందో తాగేవాడికెందుకు?"

"తాగేవాడికి అక్కర్లేదు. చేసేదానికి కావాలి."

లూబోర్ కోప్పడలేదు. టోపీ పెట్టుకున్నాడు. పండగ రోజు ఎండిన కుళాయి పెట్టుకుని కూర్చోలేను, పాత కంపెనీవాళ్ళకే ఫోన్ చేస్తాను, తప్పుగా అనుకోవద్దు అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి బుట్టల్లో సీసాల వైపు ఒకసారి చూశాడు. చీటీలు బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

తల్లీకూతుళ్ళు కూర్చుని ఎనభై సీసాలూ ఒక్కొక్కటే విప్పి తూములో పారబోశారు. మూతలు టంగుమంటూ నేలమీద పడుతున్నాయి.

"సోమవారం ఈ వాసన లేదని నీకు పొద్దున్నే తెలుసా?" అంది షార్కా.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నోరు తెరవొద్దన్నావుగా."

షార్కా చేతిలో సీసా పట్టుకుని అలాగే నేలమీద కూలబడింది. ఏడుస్తుందేమోనని వ్లాస్తా భయపడింది. ఆ పిల్ల నవ్వింది, అలసిపోయిన నవ్వు.

"షరతు షరతే. దాన్నేం ఎత్తెయ్యను. కాని ముక్కు చెప్పింది మాత్రం చెప్పు. భయం వద్దు, వాసన చెప్పు."

ఆ రెంటినీ వేరు చెయ్యడం ఎలాగో వ్లాస్తాకి తెలియదు. సరేనంది.

పండగ పాత కంపెనీ బీరుతోనే జరిగింది. షార్కా ఆ రోజు పబ్బుకి రాలేదు. ట్యాంకుని కాస్త వెచ్చగా ఉంచింది. ఈస్ట్ తను పుట్టించిన వెన్నని తనే తినేసేదాకా రోజూ కొలిచింది, రోజూ ఒక జాడీ వేడినీళ్ళలో పెట్టింది. తర్వాత మెల్లమెల్లగా చల్లార్చింది. నాలుగు వారాలు పట్టింది. ఈలోగా పాత ఉద్యోగం వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఒకసారి వ్లాస్తాయే తీసింది. అమ్మాయి లేదండీ అంది, అమ్మాయి ఎదురుగానే ఉంది.

నవంబరులో లూబోర్ని షార్కాయే పిలిచింది. వచ్చాడు, తనే పోసుకున్నాడు, తాగాడు. శుభ్రంగా ఉంది అన్నాడు. ఇంకాసేపాగి, ఆ రోజుది నోట్లో గుండ్రంగా, నిండుగా ఉండేది అన్నాడు. అవునండీ అంది షార్కా. అతను ఇంకేదో వాదన ఎదురుచూసినట్టున్నాడు, రాకపోయేసరికి గ్లాసు ఖాళీ చేశాడు. శుక్ర, శని, ఆదివారాలు పాత కంపెనీకి మాటిచ్చేశానన్నాడు. మంగళవారం నుంచి గురువారం దాకా నాలుగో కుళాయికి నీ పీపా పెడతాను, క్రిస్మస్ దాకా చూద్దాం, జనం అడిగితే ఆలోచిద్దాం అన్నాడు. మంగళవారం పబ్బుకి ఎంతమంది వస్తారో ఊరందరికీ తెలుసు. షార్కా ఒప్పుకుంది. ఆ సాయంత్రం పాత ఉద్యోగం వాళ్ళకి తనే ఫోన్ చేసి, ఇప్పుడు రాలేనని చెప్పింది. క్రిస్మస్ తర్వాత సంగతేంటో వాళ్ళూ అడగలేదు, ఆమే చెప్పలేదు. వ్లాస్తా మాత్రం అడిగింది, మూడుసార్లు.

మొదటి మంగళవారం వ్లాస్తా, కామిల్ పబ్బుకెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నారు. మొత్తం తొమ్మిదిమంది ఉన్నారు, తను లెక్కపెట్టింది. పొయ్యి పక్కన హాప్ తోటల్లో పనిచేసి రిటైరైన ముసలాయన ఒకడు షార్కా బీరు తెప్పించుకుని, సగం తాగి, ఇందులో ఏదో లేదు అన్నాడు పక్కవాడితో. వ్లాస్తా చేతిలో గ్లాసు బల్లమీద పెట్టేసింది. ఏం లేదో లేచి చెబుదామనుకుంది, ఎందుకు లేదో కూడా. కామిల్ మోకాలితో ఆమె మోకాలు నొక్కాడు. ముసలాయన మిగతా సగం తాగి, ఇంకోటి పట్రమ్మన్నాడు. నచ్చి తెప్పించుకున్నాడో, ఆ లేనిదేంటో తేల్చుకుందామని తెప్పించుకున్నాడో ఎవరికి తెలుసు?

వ్లాస్తా తన గ్లాసు ఎత్తింది. నురుగు దాటి పెద్ద గుటక వేసింది, లూబోర్ లాగే. నిమ్మతొక్క వచ్చింది. ఎండుగడ్డి వచ్చింది, అక్టోబరులో ఆ సోమవారం నాటి కంటే మెత్తగా. రొట్టె అంచు. చేదు వచ్చి కూర్చుంది. ఆమె దాని వెనక ఏముందా అని అలవాటు చొప్పున వెతికింది, చీకటి గదిలో గోడ తడుముతూ స్విచ్చి కోసం వెతికినట్టు. చేదు లేచి వెళ్ళిపోయింది. నోరు ఖాళీగా, శుభ్రంగా ఉంది.

లూబోర్ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చి బల్ల దగ్గర ఆగాడు.

"ఎలా ఉందో చెప్పవేం? ఇప్పుడు నీ నోటికి తాళం లేదుగా."

వ్లాస్తా ఆలోచించింది. బాగుంది అనడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ మాట పైకి అంటే ఏదో ఒకటి జరుగుతుందని ఇంకా నమ్మకమే.

"ఇందులో ఇంక జరగాల్సిందేమీ లేదు," అంది.

అది పొగడ్తో వంకో తెలియక లూబోర్ కామిల్ వైపు చూశాడు. కామిల్ తన ఖాళీ గ్లాసు కూడా అతని చేతిలో పెట్టి, ఇద్దరికీ ఇంకోటి పోయమన్నాడు.